తాగని మనిషిని తాగుబోతని రాశాను

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నాను. పద్నాలుగేళ్ళుగా ఒక బరువు మోస్తున్నాను. కోర్టుకు మోశాను, ఇంటికి మోశాను, పెళ్ళిళ్ళకూ చావులకూ మోసుకెళ్ళాను. నల్లకోటు వేసుకున్నంతసేపూ అది పెద్దగా తెలియదు. ఇంటికొచ్చి కోటు విప్పి కొక్కేనికి తగిలించాక కూడా భుజాలు బరువుగానే ఉంటాయి.

నేను మదనపల్లెలో లాయరును. ఆడమనిషిని. ఈ రెండూ ఒక్క మనిషిలో ఉన్నాయన్న నమ్మకంతో ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నేను ఆమె చెప్పింది విని, ఇంకొకటి రాశాను. ఆ రాసింది అబద్ధమని కోర్టులో తేలినప్పుడు, ఆ అబద్ధం ఆమెదేనని అందరినీ అనుకోనిచ్చాను. విషయం ఇంతే. రెండు మూడు వాక్యాల్లో అయిపోయింది. మరి ఇంతమాత్రం చెప్పడానికి ఇన్నేళ్ళెందుకు పట్టింది? అది నాకూ సరిగ్గా అర్థం కాలేదు. అర్థం చేసుకోవడానికే రాస్తున్నానేమో.

ఆమెను రేణుక అందాం. అసలు పేరు రాయను. ఆమె పేరును ఒకసారి కాగితం మీద పెట్టి నేనేం చేశానో చదివాక, ఎందుకు రాయనంటున్నానో మీకే తెలుస్తుంది.

రేణుకది కుప్పం దగ్గర పల్లె. తండ్రి మల్బరీ తోట పెట్టుకుని పట్టుపురుగులు మేపేవాడు. ఆమెను పుంగనూరులో ఇచ్చారు. భర్తకు పాలకేంద్రం ఉంది. చుట్టుపక్కల పల్లెల పాలు పొద్దునా సాయంత్రం ఆయన దగ్గరికే వస్తాయి. మంచివాడని పేరు. వట్టి పేరే కాదు, చాలా విషయాల్లో మంచివాడే. బీడీ ముట్టడు, మందు ముట్టడు, పాల కొలతలో మోసం చేయడు. రేణుక చిన్నమ్మ ఒకామె మదనపల్లెలో, మా ఆఫీసుకు రెండు వీధుల అవతల ఉండేది. కుప్పంలో లాయరు దగ్గరికి పోతే నాన్నకు తెలిసిపోతుంది, పుంగనూరులో పోతే భర్తకు తెలిసిపోతుంది. అందుకని చిన్నమ్మను చూడటానికి వచ్చినట్టు వచ్చి, ఒక మధ్యాహ్నం మా మెట్లెక్కింది.

అప్పటికి నేనొక సీనియర్ దగ్గర జూనియర్‌ని. ఆయన ఆ రోజు వేరే ఊరి కోర్టుకు వెళ్ళారు. బయట టమాటా లారీలు హారన్లు కొడుతుంటే మాట వినపడక నేనే లేచి తలుపు మూశాను. తలుపు మూశాక ఆమె కుర్చీలో కాస్త సర్దుకుని కూర్చుంది. ఆ తర్వాత మేం మాట్లాడుకున్నది ఒక్క ముక్క పొల్లుపోకుండా నాకు గుర్తుంది.

"చెప్పమ్మా" అన్నాను.

"ఎట్ల సెప్పల్లో తెలీలేదు మేడం."

"కొడతాడా?"

"లేదు మేడం."

"తాగుతాడా?"

"తాగడు మేడం. అయ్యప్ప మాల వేస్తాడు. పెండ్లికి ముందు నుంచీ వేస్తాండాడంట. ఊర్లో అందరూ ఆయన్ను స్వామీ అనే పిలుస్తారు."

"మరి?"

చాలాసేపు కొంగు అంచు మడతపెట్టింది, విప్పింది. నేను గడియారం చూశాను. చూసినట్టు ఆమె చూసింది. అప్పుడు చెప్పింది.

"నేను వద్దంటాను మేడం. పెతిసారీ వద్దనే సెప్తాను. ఆయనకు ఇనపడతాది. ఇనపడినాక గూడా..."

ఆగిపోయింది. నేను ఆ వాక్యాన్ని పూర్తి చేయమని అడగలేదు.

"మాల వేసిన దినాలే నాకు నిద్ర పట్టేది మేడం" అంది.

"మీ అమ్మకు చెప్పావా?"

"సెప్పినాను. మొగుడూ పెండ్లాల నడాన వద్దనేది యాడుంటాదే అనింది."

"నీకేం కావాలి? విడాకులా?"

"వద్దు మేడం. సెల్లెలుండాది, దానికింకా పెండ్లి గాలేదు. ఆయన్ను జైల్లో గూడా ఎయ్యద్దండి. లోపలినుంచి గడియ పెట్టుకునే రూము ఒగటి ఇప్పిస్తే సాలు. కోర్టు సెప్తే ఇంటాడు మేడం. పెద్దోళ్ళ మాటంటే ఆయనకు భయం."

ఆమె అడిగింది అంతే. లోపలినుంచి గడియ ఉన్న ఒక గది.

మీకు చట్టం తెలియకపోవచ్చు, అందుకని చెబుతాను. నేరాల చట్టం ఈ విషయంలో భార్య దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకుంటుంది. పెళ్ళాడిన ఆడది వద్దన్నా అది నేరం కింద లెక్కకు రాదు. కానీ గృహ హింస చట్టం అలా కళ్ళు మూసుకోలేదు. అందులో ఆ మాట ఉంది. లైంగిక హింస అని విడిగా, స్పష్టంగా ఉంది. దాని కింద వేసేది జైలు కేసు కాదు, సివిల్ తరహా కేసు. ఆమెను ముట్టవద్దని కోర్టు ఉత్తర్వు ఇవ్వొచ్చు. అదే ఇంట్లో ఒక భాగం ఆమెకిచ్చి, అందులోకి భర్త అడుగుపెట్టకూడదనొచ్చు. పడిన బాధకు పరిహారం ఇప్పించొచ్చు. అందరి ముందూ చెప్పలేని సంగతైతే, తలుపులు మూసి వినమని అడగొచ్చు కూడా. అంటే రేణుక ఏం కావాలని వచ్చిందో సరిగ్గా అదే ఇవ్వడానికి చట్టం సిద్ధంగా ఉంది. ఆమెకు ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు. పరీక్షకు చదివాను, మార్కులు కూడా వచ్చాయి.

తెలిసి ఏం చేశాను? ఆమె వెళ్ళిపోయాక కంప్యూటర్ తెరిచి పాత పిటిషన్ ఒకటి బయటికి తీశాను.

మా వృత్తిలో ఇది దొంగతనం కాదు, అలవాటు. గృహ హింస అంటే ఒక పిటిషన్ ఉంటుంది. అందులో భర్త తాగుతాడు, కొడతాడు, ఇంట్లోంచి గెంటేస్తాడు. పేర్లు మారుస్తాం, ఊరు మారుస్తాం, పెళ్ళి తేదీ మారుస్తాం. తాగుడు మాత్రం మారదు. ఎవరో ఎప్పుడో నిజంగా తాగుబోతు భర్తతో పడిన కష్టం అది. ఆమె ఎవరో ఇప్పుడెవరికీ గుర్తు లేదు. ఆమె కష్టాన్ని ఆ తర్వాత వచ్చిన ఆడవాళ్ళందరికీ తొడిగాం. చాలామందికి సరిపోయింది కూడా. జడ్జికి తెలిసిన కథే చెప్పాలమ్మా, కొత్త కథ చెబితే ఆయన ఆలోచనలో పడతాడు అని మా సీనియర్ అనేవారు. ఆయన మీదికి తోసేయడం సులువే. ఆయన ఇప్పుడు లేరు, వచ్చి కాదనరు. కానీ ఆ రోజు ఆఫీసులో ఉన్నది నేను. ప్రతివాది మద్యానికి బానిసై, రోజూ తాగి వచ్చి పిటిషనరును కొట్టేవాడని ఇంగ్లీషులో టైపు చేసింది ఈ వేళ్ళే.

కాగితం చివర ఒక వాక్యం ఉంటుంది. పై విషయాలన్నీ తెలుగులో చదివి వినిపించగా అర్థం చేసుకుని సంతకం చేశానని. రేణుక ఇంటర్ వరకు చదివింది కానీ ఆ ఇంగ్లీషు ఆమెకు అందదు. చదివి వినిపించలేదు. ఇక్కడ పెట్టమ్మా అని వేలు చూపించాను. పెట్టింది. నా మీద అంత నమ్మకంతో ఇంకెవరూ ఎక్కడా సంతకం పెట్టి ఉండరు.

ఎందుకు చేశాను? ఈ ప్రశ్నను ఎన్ని రకాలుగా వేసుకున్నానో. తొందరలో చేశానని కొన్నేళ్ళు చెప్పుకున్నాను. ఆమె మంచికే చేశానని, నలుగురి ముందు ఆ మాట చెప్పాల్సిన సిగ్గు ఆమెకు తప్పించానని ఇంకొన్నేళ్ళు చెప్పుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే అది. సిగ్గు ఆమెది కాదు. నేను తలుపు మూస్తే ఆమె చెప్పేసింది. సిగ్గు నాది. బార్ రూంలో మగ లాయర్లు కాఫీ తాగుతూ, మేడం ఎట్లాంటి కేసు తెచ్చిందో చూశారా అనుకుంటారని భయం. ఆ పిటిషన్ చదువుతూ గుమాస్తా నా ముఖంలోకి చూస్తాడని భయం.

దాని కింద ఇంకొకటి ఉంది. అది రాయడానికే ఇంతసేపు చుట్టూ తిరిగాను. రేణుక ఆ మాట చెప్పినప్పుడు నాకు మొదట కలిగింది జాలి కాదు. చిరాకు. దీనికి కూడా కోర్టుకు వస్తారా అనిపించింది. అప్పటికి నా పెళ్ళయి తొమ్మిదేళ్ళు. నేనెప్పుడూ వద్దనలేదు. అనలేదు కాబట్టి నాకు అంతా ఇష్టమేనని ఆయన అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను, వద్దని అనొచ్చన్న సంగతే నాకు ఎవరూ చెప్పలేదు, ఇప్పుడు కుప్పం నుంచి వచ్చిన ఈ పిల్ల, నాకంటే చిన్నది, అన్నానంటోంది, ప్రతిసారీ అన్నానంటోంది. ఆమెది కేసయితే నాదేమిటి? ఆ ప్రశ్న నా ఇంట్లోకి రాకుండా ఆపాలంటే ఆమె కేసును ఇంకేదో చేయాలి. చేశాను. ఇది సమర్థించుకోవడానికి చెప్పడం లేదు. నా ఇంటి సంగతి నేను సర్దుకోలేకపోతే దానికి ఆమె ఎందుకు నష్టపోవాలి?

కొన్ని నెలలకు ఆమె సాక్ష్యం రోజు వచ్చింది. కేసు వేశాక రేణుక చిన్నమ్మ ఇంట్లోనే ఉండిపోయింది, తండ్రికీ సంగతి తెలియక తప్పలేదు. కుప్పం నుంచి ఆయన వచ్చాడు. అంచు పంచె, తెల్ల చొక్కా, కోర్టంటే ఎవరి పెళ్ళికో వచ్చినట్టు తయారై వచ్చాడు. ఆయనకు తెలిసినంతలో అల్లుడు కూతుర్ని ఏదో కష్టపెడుతున్నాడు, అంతే. వరండాలో నేను రేణుకను పక్కకు పిలిచి, వాళ్ళ లాయరు ఎలా తిప్పి అడిగినా మన కాగితంలో ఉన్నదే నిజమని చెప్పమన్నాను.

"మన కాగితంలో ఉండేది నిజమే కదా మేడం" అంది.

నేను ఫైలు సర్దుకున్నాను. అప్పుడైనా చెప్పొచ్చు. వరండాలో కాసేపు నిలబెట్టి, ఇదిగో ఇలా రాశానమ్మా, తప్పు చేశాను, వాయిదా అడిగి పిటిషన్ సవరిద్దామని చెప్పొచ్చు. సవరించే దారి ఉంది. అడిగితే ఇచ్చేవారు. ఇంతలో కేసు పిలిచారు, లోపలికి వెళ్ళాం.

ఆమె బోనెక్కింది. హాలు నిండా జనం. తలుపులు మూసి వినమని నేను అడగలేదు కదా. అడిగితే ఎందుకని అందరూ ఆలోచిస్తారు. అవతలి లాయరు పెద్దాయన, మర్యాదస్థుడు. గొంతు కూడా పెంచలేదు.

"మీ ఆయన మాల వేస్తాడా అమ్మా?"

"వేస్తాడు సార్."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పెండ్లికి ముందు నుంచీ సార్."

"మందు తాగుతాడా?"

ఆమె ఆశ్చర్యపోయింది. అలాంటి ప్రశ్న ఎందుకు అడుగుతున్నాడో ఆమెకు నిజంగానే తెలియదు.

"తాగడు సార్."

"నిన్నెప్పుడైనా కొట్టినాడా?"

"లేదు సార్."

"మరి రోజూ తాగొచ్చి కొడతాడని నీ పిటిషన్లో రాసినావే. అదంతా అబద్ధమేనా?"

ఆమె నా వైపు చూసింది.

కోపంగా చూసిందనుకుంటే నాకు ఇప్పుడు కొంచెం తేలిగ్గా ఉండేది. కోపం కాదు. దారి తప్పిన మనిషి తెలిసిన ముఖం కనబడగానే చూసే చూపు. నేనేదో చెబుతానని, లేచి నిలబడతానని చూసింది. నేను ఫైల్లోకి చూశాను. అబద్ధమేనా అని ఆయన మళ్ళీ అడిగాడు.

"తెలీదు సార్" అంది.

నేను రాయలేదు, మేడం రాసింది అని అనొచ్చు. అనలేదు. నన్ను కాపాడాలని అనలేదో, నేను రాశానన్న సంగతి ఆమెకు అప్పటికింకా తట్టలేదో తెలియదు. ఎన్నోసార్లు ఆలోచించాను. రెండింట్లో ఏది నిజమైనా నాకు ఊరట లేదు.

అవతలి లాయరు అడగడం అయిపోయింది. మేజిస్ట్రేట్ నా వైపు తిరిగి, మీరు మళ్ళీ ఏమైనా అడగాలా అన్నారు. అది మా హక్కు. మన సాక్షి చెప్పింది చెడిపోతే, దాన్ని సరిచేయడానికి లేచి అడిగే హక్కు. ఒక్క ప్రశ్న చాలు. అమ్మా, మరి నీ కష్టం ఏమిటో నీ మాటల్లో చెప్పు అని అడిగితే, అంతమందిలోనూ ఆమె చెప్పేదని నా నమ్మకం. ఆమె ఇంకా బోను దిగలేదు. నా వైపే చూస్తోంది.

"లేదు సార్" అన్నాను.

ఆమె దిగింది.

బయట తండ్రి కూతుర్ని నిలదీశాడు. "యాల ఇట్ల సెప్పినావమ్మా?" అన్నాడు. ఆయన నా వైపు తిరిగి, "ఏం జరిగింది మేడం లోపల?" అన్నాడు. అప్పుడు నేనన్న మాట ఇది. ఇన్నేళ్ళు దాచింది ముఖ్యంగా ఇదే.

"మీ అమ్మాయి మాట మార్చేసిందప్పా. ఇంక నేనేం చేసేది?"

రేణుక అక్కడే ఉంది. నా పక్కనే, చేయి చాపితే అందేంత దూరంలో. నా మాట విని తల ఎత్తి చూసి, మళ్ళీ దించుకుంది. కాదని అనలేదు. ఆడపిల్ల మాటను లాయరు మాట ముందు పెట్టి చూస్తే తండ్రి ఎవరిని నమ్ముతాడో ఆమెకు తెలుసు. అదే జరిగింది. "ఇంగేమన్నా దోవ ఉండాదా మేడం?" అని ఆయన అడిగాడు. కొట్టేస్తే పైకోర్టుకు వెళ్ళొచ్చు. అసలు సంగతి రాసి మళ్ళీ వేయొచ్చు. లేదప్పా అన్నాను.

పిటిషన్ కొట్టేశారు. అబద్ధాలు చెప్పి కోర్టును తప్పుదోవ పట్టించిందని, ఒక మంచి మనిషి పరువు తీయడానికి చూసిందని ఉత్తర్వులో రాశారు. ఆ వాక్యం చదివి నేను ఫైలు మూసి బీరువాలో పెట్టాను. ఆ తర్వాత పెద్దమనుషులు కూర్చున్నారు. భర్త తరఫువాళ్ళు గొడవేమీ చేయలేదట. పిల్లది తెలీక చేసింది, కాపురానికి వస్తే చాలన్నారట. అందరూ వాళ్ళ మంచితనాన్ని మెచ్చుకున్నారని చిన్నమ్మ చెప్పింది. తండ్రే తీసుకెళ్ళి పుంగనూరులో దింపి వచ్చాడు. అది ఎండాకాలం. మాల వేసుకునే కార్తీకానికి ఇంకా చాలా నెలలున్నాయి.

ఆ తర్వాత నా బతుకు బాగానే సాగింది. సొంత ఆఫీసు పెట్టాను. ఆడవాళ్ళ హక్కుల మీద మాట్లాడమని కాలేజీలకు పిలవడం మొదలుపెట్టారు. వెళ్ళాను. మాట్లాడాను. పెళ్ళయినా ఇష్టం ఎవరిది వాళ్ళదేనని, దానికి చట్టంలో దారి ఉందని చెప్పాను. ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు. ఒకసారి వెనక బెంచీ అమ్మాయి లేచి, మేడం, లాయర్లు మా కష్టం ఉన్నదున్నట్టు రాస్తారా అని అడిగింది. మామూలు ప్రశ్నే. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను కోపంగా ఏదో జవాబు చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు. ఆ పిల్ల కూర్చుండిపోవడం గుర్తుంది.

రేణుక తండ్రి మొన్నీమధ్య పోయాడని తెలిసింది. తన కూతురు కోర్టులో మాట మార్చిన పిల్లనే అనుకుంటూ పోయాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ కుప్పం బస్సెక్కి వెళ్ళి చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. ఎక్కలేదు. ఆయనకు చెప్పాల్సింది ఇక ఎవరికీ చెప్పలేను. ఈ ఒక్కదానికి మాత్రం నాకు ఏడుపొస్తుంది. మిగతావాటికి రాదు, ఎందుకో.

ఈ ఏడాది మొదట్లో రేణుక మళ్ళీ వచ్చింది.

నేను గుర్తుపట్టలేదు. జుట్టు పలచబడింది, మనిషి ఒళ్ళు చేసింది. పక్కన ఇరవై రెండేళ్ళ పిల్ల. కూర్చోమన్నాక, ఎవరమ్మా అన్నాక చెప్పింది. నా చేతిలో పెన్ను ఉంది కాబట్టి సరిపోయింది, దాన్ని పట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న పిల్ల ఆమె తోడికోడలు. మరిది పెళ్ళాం. అదే ఇల్లు, పక్క గది. ఆ పిల్ల తల వంచుకుని, కొంగు అంచు మడతపెడుతోంది. ఏం చెప్పడానికి వచ్చారో నాకు అప్పుడే తెలిసిపోయింది.

"ఈ పాప సెప్తాది మేడం" అంది రేణుక. "సెప్పింది సెప్పినట్లే రాయండి. తాగుడు రాయబాకండి."

అరవలేదు, దెప్పలేదు. కొట్టులో సరుకు ఏది వద్దో చెప్పినట్టు చెప్పింది. అంటే ఆమెకు తెలుసు. ఎప్పటినుంచి తెలుసో. బోనులో ఉన్నప్పుడే తెలుసో, వరండాలో నేను మాట మార్చిందప్పా అన్నప్పుడు తెలిసిందో. తెలిసీ నా దగ్గరికే ఎందుకు వచ్చింది? వేరే లాయర్లే లేరా? నా దగ్గర బాకీ ఉందని వచ్చిందా, నేనొక్కదాన్నే ఈసారి తప్పు చేయలేనని లెక్కవేసుకుని వచ్చిందా? అడగలేదు. అడిగే ముఖం నాకు లేదు.

ఆ పిల్ల చెప్పింది. నేను తెలుగులో రాశాను. ప్రతి వాక్యం చదివి వినిపించి, ఇలాగేనా అమ్మా అని అడిగాను. పాత పిటిషన్ తెరవలేదు. తలుపులు మూసి వినమని అడిగాను. ఎవరు ఎలా చూశారో నేను చూడలేదు. అంతా అయ్యాక ఆ పిల్ల బయటికి వెళ్ళి నిలబడితే, నేను రేణుకను ఆపి, నీ సంగతి ఏమిటమ్మా అన్నాను. నీకు కూడా మళ్ళీ వేయొచ్చు, దారి ఉంది అన్నాను. పద్నాలుగేళ్ళ కింద చెప్పాల్సిన మాట.

"నాదేముంది మేడం" అంది. "నాది కోర్టులో తేలిపోయింది కదా. అబద్ధం సెప్పినదాన్ని. మళ్ళా నన్నెవురు నమ్ముతారు?"

అబద్ధం నీది కాదు, నాది అనాలి. నాలుగు మాటలు. గది తలుపు మూసే ఉంది, ఎవరూ లేరు, ఆమె నా ముందే నిలబడి ఉంది. అప్పుడు కూడా అనలేదు. నీళ్ళు తాగుతావా అన్నాను. వద్దని వెళ్ళిపోయింది. మొదటిసారి చేసింది చిన్నతనం, భయం అని ఎవరైనా అనొచ్చు. రెండోసారి చేసిందాన్ని ఏమంటారు?

ఆ పిల్లకు మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. ఆ ఇంట్లో వీధి వైపు గది ఆమెకు విడిగా ఇవ్వాలని, భర్త అందులోకి రాకూడదని. తర్వాతి వాయిదాకు రేణుకే ఆ పిల్లను తీసుకొచ్చింది. వరండాలో, సరిగ్గా ఆ రోజు ఆమె తండ్రి నిలబడ్డ చోటే నిలబడి చెప్పింది.

"రూముకు లోపల గడియ పెట్టించినారు మేడం."

"పాప ఎలా ఉంది?"

"నిద్రపోతాండాది మేడం, సక్కగా." గొంతు తగ్గించి అంది. "దానికి ఒగతే పండుకోవాలంటే భయమంట. నేను గూడా ఆడే పండుకుంటాండాను. కోర్టు ఇచ్చిన రూము కదా, మా ఆయన ఏమీ అనలా."

చెప్పేటప్పుడు చిన్నగా నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదలు. నాకు సంతోషించాలనిపించలేదు. ఆమె అడిగిన గది పద్నాలుగేళ్ళకు దొరికింది, అదీ ఇంకొకరి పేరు మీద. ఆ కేసు గెలిచి ఆ పిల్ల వేరుగా వెళ్ళిపోతే ఆ గది మళ్ళీ ఎవరిదవుతుంది? గెలవాలని వాదిస్తున్నది నేనే. వాదిస్తూనే ఆ గది గురించి ఆలోచిస్తాను.

ఇదంతా రాశాను కాబట్టి తేలికయ్యానా? కాస్త. చాలాసేపు బిగపట్టిన ఊపిరి వదిలినంత. అంతకంటే ఎక్కువ రాకూడదు కూడా. మీరు నన్ను క్షమించక్కర్లేదు, ఆ పని మీది కాదు. ఆమెది కూడా కాదేమో, ఆమెకు వేరే పనులున్నాయి. ఆమెకు నేరుగా చెప్పే ధైర్యం రేపు వస్తుందని మాట ఇవ్వలేను, నా మాట ఎంతవరకు నిలుస్తుందో చూశారు కదా. ఆ రోజు నేను రాయాల్సిన పిటిషన్‌లో ఒక్క విషయం ఉంటే సరిపోయేది. ఆమె వద్దంది, ఆయనకు వినపడింది, వినపడినా ఆగలేదు. ప్రతివాదుల్లో ఆయన పేరు కింద నా పేరు కూడా ఉండాలి. తలుపు మూసిన గదిలో, లారీల హారన్ల మధ్య, ఆమె ఆ మాట చెప్పినప్పుడు నాకూ వినపడింది.